ఈగ వీపు మీద వెంట్రుకలన్నీ వెనక్కే ఎందుకు వాలతాయి?

అమలాపురంలో బీఎస్సీ జువాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "డ్రోసోఫిలా అనే ఈగ శూకం, అంటే బిరుసు వెంట్రుక, గురించి మా పుస్తకంలో ఒక తల్లికణం నుంచి వెంట్రుక, గూడు, తొడుగు, నాడీకణం వస్తాయని బొమ్మ వేసి వదిలేశారు. కానీ వీపు మీద వెంట్రుకలన్నీ వెనక్కే వాలి ఉంటాయి కదా. అలా వాలమని వాటికి ఎవరు చెప్పారు? కింద ఉండే నాడీకణానికి కూడా ఒక దిక్కంటూ ఉంటుందా? ఇవన్నీ ఇంట్లో చూడ్డానికి వీలవుతుందా?"

అమ్మా, ఆ బొమ్మతో నాకు ముప్ఫై ఏళ్ళ పేచీ. పైన తల్లికణం, దాని కింద ఇద్దరు కూతుళ్ళు, వాళ్ళ కింద మనవలు. గీతలు గీసి పేర్లు రాసి పనైపోయిందనుకుంటారు. అది వంశవృక్షం, ఇంటి ప్లాను కాదు. ఎవరి కడుపున ఎవరు పుట్టారో చెబుతుంది గానీ, ఎవరు వీధి గదిలో ఉంటారో ఎవరు పెరటి వైపు ఉంటారో చెప్పదు. మీరడిగింది రెండోదాని గురించి. పరీక్షలో మొదటిదే అడుగుతారు కాబట్టి రెండోది ఎవరూ చెప్పరు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పీహెచ్‌డీలో ఆరేళ్ళు ఈగల వీపులు చూడటంతోనే గడిచింది. తరవాత కోనసీమలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు ఏ ఈగో తేల్చుకుందాం. మన మామిడి రైతులు "పండు ఈగ" అని తిట్టిపోసేది దీన్ని కాదు. కాయని పొడిచి గుడ్లు పెట్టి లోపల పురుగు పట్టించేది బాక్ట్రోసెరా అనే వేరే ఈగ. తోటల్లో మిథైల్ యూజినాల్ ఎరలు కట్టేది దాని కోసం. మనది ఇంకా బుడత. చక్కరకేళి అత్తం మగ్గి నల్లమచ్చలు పడేసరికి ఎక్కడి నుంచో వచ్చి ముసురుతుందే, మూడు మిల్లీమీటర్లు కూడా ఉండని ఎర్రకళ్ళది, అదీ.

దాని వీపు భూతద్దంలో చూస్తే రెండు రకాల వెంట్రుకలు కనిపిస్తాయి. నల్లగా, బలంగా ఉండే పెద్ద శూకాలు రెండు డజన్లకి అటూ ఇటూగా ఉంటాయి. ఏ ఈగని చూసినా అవి అవే చోట్ల ఉంటాయి. వాటి మధ్య చిన్నవి రెండు వందల దాకా, కోత అయిన చేలో కొయ్యకాళ్ళ వరసల్లా ఉంటాయి. వీపు చివర చిన్న త్రికోణపు పలక ఉంటుంది. దాని మీద నాలుగు పెద్ద శూకాలు, వాటిలో వెనకవి రెండూ కత్తెరలా ఒకదాని మీదుగా ఒకటి దాటి ఉంటాయి. ఒక్కో వెంట్రుకా ఒకే ఒక్క కణం చేసిన పని. మన తలవెంట్రుకలా వేల కణాలు కలిసి పేనిన తాడు కాదు.

తుఫాను గాలికి పడిపోయిన వరిచేను మీరు చూసే ఉంటారు. వెన్నులన్నీ ఒకే వైపుకి పడి ఉంటాయి. అక్కడ తోసింది గాలి. ఈగ వీపు మీద తోసేవాళ్ళెవరూ లేరు. ప్యూపా దశలో, అంటే పురుగు ఈగగా మారే దశలో, పెంకులో కదలకుండా పడి ఉన్నప్పుడే ఆ వాలు వచ్చేసింది. కాబట్టి ఆ దిక్కు లోపలి నుంచే రావాలి. మా క్లాసులో అందరూ తప్పు దారి పట్టేది ఇక్కడే. లోపలి నుంచి అనగానే, ప్రతి కణం దగ్గరా ఒక దిక్సూచి ఉంటుందనీ, జన్యువుల్లో "వెనక్కి తిరుగు" అని రాసి ఉంటుందనీ అనుకుంటారు. అలా ఏమీ లేదు. కణం దిక్కుని పక్కవాళ్ళ దగ్గర అడిగి తెలుసుకుంటుంది. విడిపోయినప్పుడల్లా మళ్ళీ అడుగుతుంది, అదీ ప్రతిసారీ ఒకళ్ళనే కాదు. మొదటిసారి ఇరుగుపొరుగుని, రెండోసారి తోబుట్టువుని.

మన డెల్టా వాళ్ళకి ఇది అర్థం కావడం తేలిక. మా ఊళ్ళో దారి అడిగితే ఉత్తరం, దక్షిణం అని ఎవరూ చెప్పరు. "ఎగువకెళ్ళండి, లాకులొస్తాయి", "వాళ్ళిల్లు దిగువనండి" అంటారు. అమావాస్య రాత్రి కూడా కాలవలో చెయ్యి పెడితే ఎటు ఎగువో తెలిసిపోతుంది. ధవళేశ్వరం ఎంత దూరమో ఆ చేతికి తెలియక్కర్లేదు. ఈగ చర్మంలో కణానికి తెలిసేది కూడా అంతే: తన ముందు గోడ ఏది, వెనక గోడ ఏది. తల ఎంత దూరంలో ఉందో దానికి అనవసరం.

అసలు తల్లికణం ఎలా తయారవుతుందో ముందు చెప్పాలి. వీపు చర్మంలో కొన్ని కణాల గుంపులో అకీట్, స్క్యూట్ అనే జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి. ఆ గుంపులో ప్రతి కణానికీ శూకం కాగల అర్హత ఉంటుంది. కానీ అందరూ అయితే వీపంతా వెంట్రుకలే. అందుకని ఒకరినొకరు ఆపుకుంటారు. ప్రతి కణం తన ఒంటి మీద డెల్టా అనే ప్రోటీన్ పెట్టుకుంటుంది, పక్క కణం దాన్ని నాచ్ అనే ప్రోటీన్‌తో పట్టుకుంటుంది. పట్టుకున్న కణంలో అకీట్-స్క్యూట్ తగ్గుతాయి, వాటితోపాటు దాని సొంత డెల్టా కూడా తగ్గుతుంది.

డెల్టా అనే పేరు వినగానే "మన డెల్టానా సార్" అని ఒకసారి ఒక కుర్రాడు అడిగితే క్లాసంతా నవ్వింది. నవ్వాల్సిన పనిలేదు. ఆ జన్యువు సగం పాడైన ఈగ రెక్క చూస్తే, ఈనెలు రెక్క అంచుని తాకే చోట వెడల్పై పరుచుకుని ఉంటాయి, అంతర్వేది దగ్గర వసిష్ఠ సముద్రంలో కలిసినట్టు. ఆ పేరు పెట్టింది అది చూసే. అది చేసే పని కూడా నది పాయల తగువులాంటిదే. రెండు పాయల్లో ఒకదాంట్లో ఇసుమంత నీరు ఎక్కువ పారితే అది అడుగు కోసుకుని ఇంకాస్త లోతవుతుంది, ఇంకాస్త నీరు లాగుతుంది. రెండోది ఇసక మేటేస్తుంది. అలాగే ఏదో ఒక కణంలో డెల్టా ఒక పిసరు ఎక్కువైతే చాలు, చుట్టూ ఉన్నవి వెనక్కి తగ్గుతాయి, తగ్గినకొద్దీ దీన్ని ఆపేవాళ్ళు ఉండరు. చివరికి గుంపులో ఒక్కటే మిగులుతుంది. అదే తల్లికణం. చిన్న శూకాల మధ్య దూరాలు అంత సమానంగా ఉండటానికి కారణం కూడా ఇదే.

ఇంతవరకూ దిక్కు ఊసు లేదు. ఎవరన్నదే తేలింది. దిక్కు మొదలయ్యేది ఆ తల్లికణం రెండుగా విడిపోయేటప్పుడు.

ఆ ఘడియని పట్టుకోవడమే మా పని. లార్వా పాకడం మానేసి సీసా గోడకి అతుక్కుని, పెంకు ఇంకా తెల్లగా ఉన్న సమయాన్ని సున్నా గంట అంటాం. గంట తిరక్కుండానే అది గోధుమరంగుకి మారిపోతుంది, కాబట్టి తెల్లగా ఉన్నదాన్ని పట్టుకుంటే వయసు ఖాయం. 25 డిగ్రీల దగ్గర పెడితే 16, 17 గంటలు నిండేసరికి చిన్న శూకాల తల్లికణాలు విడిపోవడం మొదలవుతుంది. సాయంత్రం 6 గంటలకి తడి కుంచెతో తెల్లవాటిని ఏరి పెట్టుకుంటే, మర్నాడు పొద్దున 10 గంటలకల్లా మైక్రోస్కోప్ దగ్గర ఉండాలి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళకుండా ఆరేళ్ళు గడిచింది ఈ లెక్కతోనే.

పెంకు తల వైపు మూత పట్టకారుతో ఊడదీసి, వీపు మీది గోధుమ పొర ఒలిస్తే లోపల పాల మీగడలాంటి ఒళ్ళు కనిపిస్తుంది. నంబ్ అనే ప్రోటీన్ ఒకటుంది, దాని పని తరవాత చెబుతాను. ఇప్పుడైతే ఆ నంబ్ దగ్గర చేరే ఇంకో ప్రోటీన్‌కి మెరిసే తోక తగిలించి బతికున్న ప్యూపాలోనే చూస్తున్నారు. తల్లికణం గుండ్రంగా ఉబ్బుతుంది. దాని లోపలి అంచున, తల వైపు, పచ్చటి నెలవంక ఒకటి తేలుతుంది. చుట్టుపక్కల ఉన్న తల్లికణాలన్నిటిలోనూ నెలవంక అటే ఉంటుంది. కొన్ని నిమిషాల్లో కణం విడిపోతుంది. నెలవంక మొత్తం ముందు కూతురికి పోతుంది, వెనక కూతురికి ఏమీ దక్కదు. నేను ఎన్ని వందలసార్లు చూశానో చెప్పలేను గానీ, ప్రతిసారీ ఊపిరి బిగబట్టే చూశాను.

ఆ నెలవంక తల వైపే ఎందుకు వచ్చింది? తల్లికణం ఒక్కటే కాదు, వీపు చర్మంలో ప్రతి మామూలు కణానికీ ముందూ వెనకా తెలుసు. కణం వెనక గోడ దగ్గర ఫ్రిజిల్డ్, డిషెవెల్డ్ అనే ప్రోటీన్లు చేరతాయి. ముందు గోడ దగ్గర వాన్ గో, ప్రికిల్ చేరతాయి. ఫ్లమింగో అనేది రెండు గోడల దగ్గరా ఉండి, పక్క కణంలోని ఫ్లమింగోతో చేతులు కలుపుతుంది. రెండు చేల మధ్య ఉమ్మడి గట్టు అనుకోండి. ఇటు చేను తన వైపు ఫ్రిజిల్డ్ పెడితే, గట్టుకి అటు చేను తన వైపు వాన్ గో పెట్టాల్సిందే. ఒకే గట్టుకి రెండు వైపులా ఒకటే ఉండటానికి ఒప్పందం కుదరదు. ఆ రెండో చేను ముందు గట్టు దగ్గర వాన్ గో పెట్టింది కాబట్టి దాని ఫ్రిజిల్డ్ వెనక గట్టుకి పోతుంది. దాంతో మూడో చేనుకీ తేలిపోతుంది. ఇలా గట్టు గట్టుకీ మాట పాకి వీపంతా ఒకే వైపు తిరుగుతుంది.

ఇది ఉత్త ఊహ కాదనడానికి నాకు బాగా నచ్చే రుజువు 1987లో చార్లెస్ విన్సన్, పాల్ ఆడ్లర్ చూపించింది. రెక్క మీద ప్రతి కణానికీ ఒక సన్నటి నూగు ఉంటుంది, మామూలుగా అన్నీ రెక్క కొస వైపు తిరిగి ఉంటాయి. రెక్కలో ఒక చిన్న మచ్చంత మేర మాత్రం ఫ్రిజిల్డ్ లేకుండా చేశారు. మచ్చలోపలి నూగు చెదిరిపోయింది, అది అనుకున్నదే. కానీ మచ్చ దాటాక కొస వైపున్న కణాలు కూడా, వాటి జన్యువులు శుభ్రంగా ఉన్నా, నూగుని వెనక్కి, ఆ మచ్చ వైపు తిప్పేశాయి. తప్పు ఒకరిది, దారి తప్పింది పక్కవాళ్ళు. ప్రతి కణం దగ్గరా సొంత దిక్సూచి ఉంటే ఇలా జరిగేది కాదు.

శూకం తల్లికణానికి ఈ లెక్కే వర్తిస్తుందని 1998లో మిషెల్ గో, ఫ్రాన్స్వా ష్వైస్‌గుత్ తేల్చారు. ఫ్రిజిల్డ్ లేని ఈగల్లో తల్లికణం ముందు-వెనకలుగా కాకుండా ఎటు పడితే అటు విడిపోయింది. ఒకటి అడ్డంగా, ఒకటి ఐమూలగా.

ఇందులో ఒక మెలిక ఉంది, పుస్తకాలు దీన్ని దాటేస్తాయి. ఆ ఈగల్లో కూడా నెలవంక ఏర్పడింది. కణం విడిపోతే ఒక కూతురికే నంబ్ దక్కింది. ఇద్దరు కూతుళ్ళూ వేర్వేరు దారుల్లోనే నడిచారు. పోయింది దిక్కు ఒక్కటే. అంటే "ఇద్దరూ వేరుగా ఉండాలి" అన్నది ఒక ఏర్పాటు, "ఎవరు ఎటు ఉండాలి" అన్నది ఇంకో ఏర్పాటు. అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం వేరు, ఎవరికి కాలవ గట్టు పక్క పొలం వచ్చిందన్నది వేరు. ఈ రెండిటినీ కలిపేసి చదివితే ఈ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా ఎక్కదు.

విడిపోయే కణంలో క్రోమోజోములని లాగే కండెని ఆ దిక్కుకి తిప్పేది ఎవరన్నదానికీ జవాబు ఉంది. వెనక గోడ దగ్గర డిషెవెల్డ్, ముందు గోడ దగ్గర పిన్స్ అనే ప్రోటీన్, రెండూ మడ్ అనేదాన్ని పిలిచి పెట్టుకుంటాయి. మడ్ కండె కొసల నుంచి వచ్చే పోగులని పట్టుకుని లాగుతుంది. మన కాలవల్లో ఒకప్పుడు పడవలని గట్టు మీద నుంచి తాడుతో లాక్కెళ్ళేవారు కదా, అలా రెండు గట్ల నుంచి రెండు తాళ్ళు లాగితే పడవ వాటి మధ్య నిటారుగా నిలబడుతుంది. కండె కూడా అంతే. మడ్ అనగానే బురద అనుకోకండి, ఈగ మెదడులో పుట్టగొడుగు ఆకారంలో ఉండే భాగం చెడిపోయిన ఈగల్ని చూసి పెట్టిన పొడి అక్షరాల పేరు అది.

ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది, వీపు చర్మం ఒలిచి రంగు పట్టించి, గాజు పలక మీద పరిచి లెక్కలు రాసుకున్నాను. నెల రోజుల లెక్కలో నెలవంకలన్నీ తోక వైపే వచ్చాయి. లోకమంతా ముందు అంటుంటే నాకు వెనక! ఏదో కొత్త విషయం కనిపెట్టాననుకుని రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. మా గైడు గారు పలక తీసుకుని కిటికీ దగ్గర పెట్టి చూసి, "తల ఏదయ్యా?" అన్నారు. చర్మం ముక్క మాత్రమే పరిచాను, తల ఎప్పుడో తీసి పారేశాను. మామూలు మైక్రోస్కోప్ బొమ్మని తలకిందులు చేసి చూపిస్తుందన్న సంగతి పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. తల ఫీల్డులో ఉంటే అది కూడా తిరుగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. తల లేకపోతే పలక మీద ముందు అని గుర్తు పెట్టిన అంచు కంట్లో వెనకవుతుంది. నెల రోజుల లెక్క చెత్తబుట్టలోకి పోయింది.

మళ్ళీ కణాల దగ్గరికి వద్దాం. ముందు కూతురికి నంబ్ దక్కింది. నంబ్ చేసే పని నాచ్‌ని అణచడం. వెనక కూతురిలో నాచ్ స్వేచ్ఛగా పనిచేస్తుంది. ముందుది లోపలి కణాల దారి పడుతుంది: నాడీకణం, తొడుగు. వెనకది బయటి కణాల దారి పడుతుంది: వెంట్రుక, గూడు. నంబ్ పోతే ఇద్దరు కూతుళ్ళూ వెనక కూతురిలాగే నడుస్తారు, నాడీకణం అసలు పుట్టదు. వెంట్రుకలూ గూళ్ళూ మిగిలినా స్పర్శ ఉండదు, నంబ్ అంటే తిమ్మిరి అన్న పేరు అందుకే. నాచ్ పోతే దీనికి సరిగ్గా తిరగబడుతుంది: పైన బోడి చర్మం, కింద కుప్పగా నాడీకణాలు.

ఇద్దరు కూతుళ్ళూ మళ్ళీ విడిపోతారు, కానీ ఒకే తీరుగా కాదు. ముందుది తొందరపడి ముందే విడిపోతుంది, అదీ చర్మం మందంలో పైకీ కిందకీ. ఈ తీరుకి ఇన్‌స్క్యూటబుల్ అనే ప్రోటీన్ కావాలి. కింద పడ్డ చిన్న కణం గ్లియా, అంటే నాడీకణాలకి తోడుగా ఉండే రకం. చిన్న శూకాల్లో అది కొంతసేపటికి చచ్చిపోతుంది, మీ పుస్తకంలో దాని పేరే లేకపోవడానికి బహుశా అదే కారణం. పైన మిగిలింది మరోసారి విడిపోయి నాడీకణాన్నీ తొడుగునీ ఇస్తుంది.

వెనక కూతురు మాత్రం తల్లిలాగే చర్మం పరుపులోనే, ముందు-వెనకలుగా విడిపోతుంది. అప్పుడు ముందుకి వెంట్రుక కణం, వెనక్కి గూడు కణం వస్తాయి. చూడ్డానికి తల్లి దారే కాబట్టి ఇది కూడా ఫ్రిజిల్డ్ పనే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కాదు. 2002లో రోలాన్ ల బోర్ఞ్, యోహాన్స్ బెలాయిష్, ష్వైస్‌గుత్ దీని గుట్టు విప్పారు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ విడిపోయాక కూడా ఒకరినొకరు తాకుతూనే ఉంటారు. ఆ తాకే చోట క్యాడ్హెరిన్ అనే అంటుకునే ప్రోటీన్ దట్టంగా చేరుతుంది. వెనక కణం విడిపోయే వేళకి దాని కండె గుండ్రంగా తిరిగి ఆ తాకిడి వైపు గురి పెడుతుంది. క్యాడ్హెరిన్ బలం తగ్గిస్తే ఆ గురి తప్పుతుంది. అక్క ఎటుంటే చెల్లి అటు చూస్తుంది, అంతే. అక్క ముందు ఉంది కాబట్టి దిక్కు ముందు-వెనకలైంది. తల్లి అడ్డంగా విడిపోయి ఉంటే, ఇదీ అడ్డంగానే విడిపోతుంది.

ఈ ఒక్క విషయం తెలిశాక ఆ వంశవృక్షం బొమ్మ నాకు మళ్ళీ నచ్చలేదు. అందులో అన్ని గీతలూ ఒకే తీరుగా కిందకి దిగుతాయి. నిజానికి మొదటి గీత ఊరందరినీ అడిగి గీసింది, రెండోది ఒక అక్కని అడిగి గీసింది, మూడోది నిట్టనిలువుగా దిగింది.

ఆ పైన కొంత కాలం అందరూ సర్దుకుంటారు. 30 గంటలు దాటాక వెంట్రుక కణం పైకి మొలక వేసి, లోపల ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల కట్టలతో గట్టిపడుతూ వెనక్కి వాలుతూ పెరుగుతుంది. గూడు కణం ఆ మొదలుని ఉంగరంలా చుట్టుకుంటుంది. తొడుగు కణం లోపల నాడీకణపు కొసని చొక్కా చేతిలా కప్పుతుంది. ఫ్రిజిల్డ్ లేని ఈగ వీపు చూస్తే ఇవన్నీ ఉంటాయి, ఏదీ తక్కువ కాదు. కానీ వెంట్రుకలు సుళ్ళు తిరిగి, నిద్ర లేచిన పిల్లాడి తలలా ఉంటాయి. వాన్ గో జన్యువుకి ఆ డచ్చి చిత్రకారుడి పేరు పెట్టింది అలాంటి సుళ్ళు చూసే.

ఇక మీ రెండో ప్రశ్న, నాడీకణానికి దిక్కుంటుందా అన్నది. ఉంటుంది, రెండు కొసలకీ ఉంటుంది. ఒక కొస డెండ్రైట్. అది పైకి పోయి వెంట్రుక మొదలుకి అతుక్కుంటుంది. నట్టనడుమ కాదు, ఒక పక్కకి. వెంట్రుక చిన్న మీటలా పనిచేస్తుంది. దాన్ని ఒంటి వైపుకి వంచితే మొదలు ఆ డెండ్రైట్ కొసని నొక్కుతుంది, నోంప్-సి అనే ద్వారం తెరుచుకుంటుంది, తొడుగులోని పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రవం నుంచి విద్యుత్తు లోపలికి పారుతుంది. ఆ ద్వారాన్ని 2000లో చార్లెస్ జుకర్ బృందం పట్టుకుంది. వెంట్రుక వాలు, డెండ్రైట్ అతుకు, రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. పైన వెంట్రుక ఒక దిక్కున, కింద అతుకు ఇంకో దిక్కున ఉంటే ఆ మీట పనికిరాదు. ఒకే తల్లి పిల్లలు పక్కపక్కనే ఉండి ఒకరిని చూసి ఒకరు సర్దుకోవడంలో లాభం ఇదే.

రెండో కొస ఆక్సాన్, వక్షంలోని నాడీముడి దాకా పోతుంది. ఏ చోటి శూకం నుంచి వచ్చిందో దాన్ని బట్టి ఆ ముడిలో అది చేరే చోటు ఉంటుంది. దీని పనితనం చూపించడానికి మేము జూనియర్లకి ఒక కసాయి పని చేసి చూపించేవాళ్ళం. ఈగ తల తీసేస్తే చావదు, కొన్ని గంటలు అలాగే ఆరు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. తల లేదు కాబట్టి ఎగిరిపోదు. కనుబొమ్మ వెంట్రుక ఒకటి పుల్లకి అంటించి, వీపు మీది ఒక్క శూకాన్ని మెల్లగా తాకేవాళ్ళం. ఒక కాలు లేచి, ఏ శూకాన్ని తాకామో సరిగ్గా అక్కడే గోకుతుంది. పక్కదాన్ని తాకితే పక్కన గోకుతుంది. మెదడు లేదు, కళ్ళు లేవు, వీపుని అది ఎప్పుడూ చూసుకోలేదు. మొదటిసారి చూసినప్పుడు ఒక అమ్మాయి "అయ్యబాబోయ్" అని కుర్చీలోంచి లేచిపోయింది.

ఇదంతా ఈగ గొడవేగా అనుకోకండి. వాన్ గో జన్యువు మనకీ ఉంది. మన లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాల మీది నూగు ఒకే వైపు తిరగడానికి ఈ కుటుంబపు ప్రోటీన్లే కావాలి. ఎలుకల్లో ఆ జన్యువు చెడితే పిండంలో వెన్నునాళం మూసుకోదు. వెన్నునాళం లోపాలున్న కొందరు మనుషుల్లోనూ ఈ కుటుంబపు జన్యువుల్లో మార్పులు 2007లో దొరికాయి.

చివరికి, ఇంట్లో చూడటం. విభజన చూడటం ఇంట్లో కుదరదు, ఆశ పెట్టుకోకండి. వాలు మాత్రం హాయిగా చూడొచ్చు. ఎండాకాలంలో మొదలుపెట్టకండి. 30 డిగ్రీల దగ్గర మెలనోగాస్టర్ (ఇంతసేపూ చెప్పుకున్న డ్రోసోఫిలా జాతి పేరు ఇదే) మగ ఈగలు గొడ్డుపోతాయి, సీసా ఖాళీ అవుతుంది. కార్తీకం వెళ్ళాక సంక్రాంతి లోపు మన ఊళ్ళలో వాతావరణం వాటికి సరిగ్గా సరిపోతుంది. బాగా మగ్గిన అరటిపండు సగం, ఒక చిటికెడు ఈస్టు ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి మూతి తెరిచి వంటింటి గుమ్మం పక్కన పెట్టండి. నాలుగైదు ఈగలు దూరాక దూదితో మూసేయండి. 25 డిగ్రీల దగ్గర పది రోజులకి కొత్త తరం వస్తుంది. కాలేజీలో పెంచాలంటే బొంబాయి రవ్వ, బెల్లం, అగర్ ఉడికించి, బూజు పట్టకుండా చుక్క ప్రొపియోనిక్ ఆమ్లం కలుపుతారు. మీ సీసాలోకి వచ్చేది మెలనోగాస్టరే కానక్కర్లేదు, మన వైపు అననాసే అనే దాని చుట్టమూ బాగా తిరుగుతుంది. వాలు చూడ్డానికి రెండూ ఒకటే.

సీసాని పది నిమిషాలు ఐసు ముక్కల్లో పాతి పెడితే ఈగలు కదలకుండా పడిపోతాయి. ఈథర్ జోలికి వెళ్ళకండి, వంటింట్లో అసలే వద్దు. తెల్ల కాగితం మీద ఒంపి ముందు 10 రెట్ల లెన్సుతో త్రికోణపు పలకనీ, కత్తెర వేసిన రెండు శూకాలనీ వెతకండి. కాలేజీలో డిసెక్టింగ్ మైక్రోస్కోప్ ఇస్తే ఇంకా మంచిది, అది బొమ్మని తిప్పదు. మామూలు మైక్రోస్కోపే దొరికితే ఈగని ముక్కలు చేయకుండా తలతో సహా పెట్టండి. చేయక తప్పకపోతే, తల తీసే ముందే పలక అంచున అది ఎటుందో మార్కర్‌తో ఒక చుక్క పెట్టి, కంట్లో ఆ చుక్క ఎటు కనిపిస్తుందో ఒకసారి చూసుకుని అప్పుడు నోటుపుస్తకం తెరవండి.